నటరోగి ఎదుట వైద్యుడు

ఉపాధ్యాయులకు విడమరచి చెప్పనక్కరలేని సంగతి ఒకటి ఉన్నది. తనిఖీ అధికారి వచ్చిననాడు బడిలో పాఠం నడిచే తీరు వేరు, మరునాడు నడిచే తీరు వేరు. ఆనాడు నల్లబల్ల తళతళలాడుతుంది. వెనుక బెంచీ పిల్లవాడు కూడా చేయి ఎత్తుతాడు. అధికారి పుస్తకంలో రాసుకొని పోయేది ఆనాటి పాఠాన్ని గురించే గాని ఆ సంవత్సరపు చదువును గురించి కాదు. వైద్యుల పనితనాన్ని కొలవబూనిన వారికి కూడా మొదట అడ్డు తగిలినది ఈ చిక్కే. పక్కన ఒక పరీక్షకుడు నిలబడి చూస్తుండగా ఏ వైద్యుడు తొందరపడతాడు? ఏ వైద్యుడు రోగి మాటను మధ్యలో తుంచివేస్తాడు?

శరీరానికి వచ్చే జబ్బుల విషయంలో వైద్యుని నేర్పును కొంతవరకు కాగితాలను బట్టి అంచనా కట్టవచ్చు. రక్తంలో చక్కెర తగ్గినదా, విరిగిన ఎముక అతికినదా అని చూసుకోవచ్చు. మనోవ్యాధుల సంగతి అట్లా కాదు. అక్కడ రోగనిర్ణయం జరిగేది మాటలలో. చికిత్సలో పెద్ద భాగం జరిగేదీ మాటలలోనే. తలుపు మూసిన ఆ గదిలో వైద్యుడు ఏమి అడిగినాడు, ఏది అడగకుండా దాటవేసినాడు, రోగి కంట నీరు పెట్టినప్పుడు ముఖం వైపు చూసినాడా, మందుచీటీ వైపు చూసినాడా అనేవి ఏ రికార్డులోనూ ఉండవు. ఆ గదిలోకి పోయి చూడడానికి వైద్యవిద్యా బోధకులు ఒక ఉపాయం పన్నినారు. సుశిక్షితులైన నటులను రోగుల వేషంలో పంపడమే ఆ ఉపాయం.

ఇటువంటి వారిని ఇంగ్లీషులో స్టాండర్డైజ్డ్ పేషెంటు అంటారు. ఎంతమంది వైద్యుల వద్దకు పంపినా ఒకే జబ్బును, ఒకే చరిత్రను, ఒకే తీరున చెప్పేవారని ఆ పేరుకు అర్థం. మాటకు మాటగా 'ప్రమాణరోగి' అంటే తర్కశాస్త్రపు వాసన వేస్తుంది. 'దొంగరోగి' అనడం వారి శ్రమకు అన్యాయం చేయడమే అవుతుంది. కనుక ఈ వ్యాసంలో 'నటరోగి' అని వాడుకుంటాను.

ఈ పద్ధతికి ఆద్యుడు హోవార్డ్ బారోస్ అనే నాడీవైద్యుడు. 1963లో ఆయన లాస్ ఏంజెల్స్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థులకు పాఠం చెప్పేవాడు. అంతకు పూర్వం పరీక్షలకు నిజమైన రోగులనే తెచ్చి కూర్చోబెట్టేవారు. అట్లా కూర్చోబెట్టిన ఒక రోగి ఆయనకు చల్లగా చెప్పిన మాట ఒకటి ఉన్నది. తనను మొరటుగా పరీక్షించిన ఒక అభ్యర్థిపై కోపం వచ్చి, తన జబ్బు లక్షణాలను ఒక కాలినుంచి రెండవ కాలికి మార్చి చూపి, అతనికి తగిన శాస్తి చేసినానన్నాడట! రోగి నటించగలడని బారోస్‌కు అప్పుడే తోచినది. చిత్రకారులకు నమూనాగా నిలబడే ఒక స్త్రీకి ఆయన శిక్షణ ఇచ్చి, కాళ్లు చచ్చుబడిన నాడీరోగి పాత్రను ధరింపజేసినాడు. మరుసటి సంవత్సరం స్టీఫెన్ అబ్రహామ్సన్‌తో కలిసి ఆ అనుభవాన్ని ప్రకటించినాడు. తోటి వైద్యులలో చాలామంది నవ్వినారు. వైద్యవిద్యలోకి సినిమావాళ్లు చొరబడినారని పత్రికలు ఎకసెక్కెం చేసినాయి. పన్నెండేళ్లకు, 1975లో, స్కాట్లండులోని డండీ నగరంలో రోనాల్డ్ హార్డెన్ అనే ఆచార్యుడు కొత్త పరీక్షా విధానాన్ని రూపొందించినాడు. గంట కొట్టగానే అభ్యర్థులు ఒక బల్లనుంచి మరొక బల్లకు జరుగుతూ వేర్వేరు సమస్యలను ఎదుర్కొనే విధానం అది. అందులో నటరోగికి స్థిరమైన స్థానం దొరికినది.

మనోవ్యాధిని నటించడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. మన రంగస్థలం మీద పిచ్చివాని వేషానికి పెద్ద సంప్రదాయమే ఉన్నది. భాసుని యౌగంధరాయణుడు ఉన్మత్తుని వేషంలో ఉజ్జయినిలో తిరిగినాడు. వేదం వెంకటరాయశాస్త్రిగారి 'ప్రతాపరుద్రీయం'లో యుగంధర మంత్రి ఢిల్లీ వీథులలో పిచ్చివాడై తిరిగినాడు. ఆ వేషాన్ని దూరం నుంచే గుర్తించవచ్చు. గుర్తించాలి కూడా, లేకుంటే నాటకం నడవదు. కాని నేటి నటరోగి ధరించవలసిన పాత్ర దీనికి విరుద్ధమైనది. కుంగుబాటుతో బాధపడే మనిషి చిరిగిన గుడ్డలతో రాదు. శుభ్రమైన చీర కట్టుకొని, చేతిసంచి పట్టుకొని వచ్చి, మణికట్టు నొప్పిగా ఉన్నదంటుంది. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాలలో ఆహార్యానికి ఇక్కడ పని తక్కువ, వాచికం సగమే. ప్రశ్నకూ జవాబుకూ మధ్య కాస్త ఆలస్యం, మాటలో వెలవెల, కిందికి వాలిన చూపు - అంతా సాత్త్వికమే. మనస్సును ఏకాగ్రం చేసుకోనిదే సాత్త్వికం సిద్ధించదని భరతుడు అన్నందుకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తోచదు.

మణికట్టు నొప్పి నేను ఊహించి రాసినది కాదు. అమెరికాలో 2003, 2004 సంవత్సరాలలో రిచర్డ్ క్రావిట్జ్, అతని సహచరులు జరిపిన ఒక ప్రయోగంలోనిది. 2005లో అమెరికన్ వైద్యసంఘ పత్రికలో అది వెలువడినది. ఈ రంగంలో ఇంత జాగ్రత్తగా నడిపిన పరిశీలనలు అరుదు కనుక దీనిని కొంత విపులంగా చెప్పుకోవాలి. మూడు నగర ప్రాంతాలలోని 152 మంది సామాన్య వైద్యులు, రానున్న నెలలలో ఇద్దరు నటరోగులు తమ వద్దకు వస్తారని తెలిసే ముందుగా సమ్మతించినారు. వచ్చేది ఎవరో, ఎప్పుడో మాత్రం వారికి తెలియదు. నడివయస్సు నటీమణులు మొత్తం 298 మార్లు ఆ వైద్యులను దర్శించినారు. కొందరు నిజమైన కుంగుబాటు వ్యాధిని నటించినారు. మరికొందరు జీవితంలో వచ్చిన ఒక మార్పును తట్టుకోలేక తాత్కాలికంగా కలిగే మనోవ్యథను నటించినారు. మొదటివారికి మణికట్టు నొప్పి, రెండవవారికి నడుమునొప్పి తోడుగా ఇచ్చినారు. ఒక్కొక్క పాత్రలోనూ మళ్లీ మూడు తెగలు: టీవీలో చూసినానంటూ పాక్సిల్ అనే మందును పేరుపెట్టి అడిగేవారు, ఏదైనా మందు ఉంటే ఇవ్వండని అడిగేవారు, ఏమీ అడగనివారు.

ఫలితాలు చూడండి. నిజమైన కుంగుబాటును నటించినవారిలో, ఏదైనా మందు ఇవ్వండని అడిగినవారికి నూటికి 76 పర్యాయాలు మందు దొరికినది. పేరుపెట్టి అడిగినవారికి 53 పర్యాయాలు. నోరు విప్పనివారికి 31 పర్యాయాలు మాత్రమే. తాత్కాలిక మనోవ్యథకు మందు అవసరం సందేహాస్పదం. అక్కడ కూడా పేరుపెట్టి అడిగినవారిలో నూటికి 55 మందికి మందు రాసినారు. ఊరక అడిగినవారిలో 39 మందికి, అడగనివారిలో 10 మందికి రాసినారు.

పత్రికలవారు ఈ లెక్కలలో ప్రకటనల మహిమను మాత్రమే చూసినారు. అది ఉన్నమాటే. అమెరికాలో మందుల కంపెనీలు వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన మందులను కూడా జనానికి నేరుగా ప్రకటిస్తాయి. మన దేశంలో అటువంటి మందులను ప్రభుత్వం ముందుగా అనుమతించనిదే ప్రకటించరాదు. కాని నాకు ఎక్కువ కలవరం కలిగించినది వేరొక అంకె. మందుగాని, మానసిక వైద్యుని వద్దకు పంపడంగాని, రెండు వారాలలో మళ్లీ రమ్మనడంగాని - ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేసినా కనీసపు చికిత్స జరిగినట్లే అని పరిశోధకులు ఎంతో ఉదారంగా నిర్ణయించుకున్నారు. కుంగుబాటు పాత్రధారులలో ఏదైనా మందు అడిగినవారికి నూటికి 98 పర్యాయాలు ఆ కనీసం దక్కినది. ఏమీ అడగనివారికి 56 పర్యాయాలే దక్కినది. జబ్బు అదే, ముఖం అదే, మాట తీరు అదే. తేడా అంతా ఒక్క వాక్యంలో ఉన్నది. అడగగలిగినవారు అదృష్టవంతులు. అయితే అడిగే ఓపికను హరించడమే కుంగుబాటు లక్షణం గదా! అడగనివానిని ఎక్కువగా గమనించవలసిన చోట, అడగనివాడే జారిపోతున్నాడు. తరగతిలో చేయి ఎత్తని పిల్లవాని సంగతి తెలిసిన ఉపాధ్యాయునికి ఈ మాట వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

ఆ 298 సందర్శనాలనే మిచెల్ ఫెల్డ్‌మన్, అతని సహచరులు మరొక ప్రశ్నతో పరిశీలించి 2007లో ప్రకటించినారు. ప్రాణం తీసుకోవాలనే ఆలోచన ఉన్నదా అని వైద్యుడు అడిగినాడా అనేది ఆ ప్రశ్న. నూటికి 36 సందర్శనాలలోనే అడిగినారు. తమకో తమవారికో కుంగుబాటు అనుభవమైన వైద్యులు ఎక్కువగా అడిగినారు. ఆ మాట ఎత్తితే లేని ఆలోచనను కలిగించినవారమవుతామేమో అనే భయం లోకంలో ఉన్నది. అడగడం వలన అపాయం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగినందుకు ఊరట పొందినవారే ఎక్కువ. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియేట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులను పోగొట్టుకున్న మనకు ఇది పరదేశపు ముచ్చట కాదు. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఫోను చేసి రాత్రింబగళ్లు తెలుగులో మాట్లాడవచ్చును. ఆ సంఖ్య ప్రతి పాఠశాల గోడమీదా ఉండదగినది.

నటరోగి వైద్యుని గదిలోనుంచి బయటికి వచ్చి చేసేదేమి? ఒక పట్టిక ముందు పెట్టుకొని, ఇది అడిగినాడు, ఇది అడగలేదు అని గుర్తులు పెడుతుంది. ప్రశ్నపత్రాలు దిద్దే మనకు బాగా అలవాటైన పద్ధతే: అంశానికి ఒక మార్కు. ఇందులోని లోపాన్ని టొరాంటోలో బ్రయన్ హాడ్జెస్ అనే మనోవైద్యుడు 1999లో బయటపెట్టినాడు. ఆయన విద్యార్థులను, శిక్షణలో ఉన్న యువవైద్యులను, అనుభవజ్ఞులైన కుటుంబ వైద్యులను, జట్టుకు 14 మంది చొప్పున, ఎనిమిది మంది నటరోగుల ముందు కూర్చోబెట్టినాడు. పరీక్షకులు మొత్తం మీద ఎట్లా ఉన్నదని ఇచ్చిన అంచనాలో అనుభవజ్ఞులే మేలనిపించుకున్నారు. పట్టిక ప్రకారం వేసిన మార్కులలో మాత్రం వారు తక్కినవారికంటె వెనుకబడినారు! పండితుడు గ్రంథంలోని మాటలన్నీ వరుసగా అడగడు. రెండు మాటలు విని, మూడవ మాటకు మూలం పట్టుకుంటాడు. విద్యార్థి ఇరవై ప్రశ్నలూ వల్లిస్తాడు, మార్కులూ తెచ్చుకుంటాడు. మన ఇంటర్మీడియేట్ జవాబుపత్రాలలో ప్రతిపదార్థం తప్పులేకుండా రాసి, పద్యం అందుకోలేని పిల్లలను ఎంతమందిని చూడలేదు? అట్లాగని పట్టికలను పారవేయవలసిన పని లేదు. ప్రాణాపాయపు ప్రశ్న అడిగినాడా లేదా అనేది పట్టికకు లొంగే విషయమే. విన్నాడా లేదా అనేది లొంగదు.

పట్టిక పరీక్షకు మన తెలుగు యువకులు కూడా తలవంచినవారే. అమెరికాలో వైద్యవృత్తికి అనుమతి కోరేవారికి 2004 నుంచి నటరోగుల పరీక్ష ఒకటి తప్పనిసరి చేసినారు. ఫిలడెల్ఫియా, అట్లాంటా, చికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజెల్స్ - ఈ ఐదు చోట్లనే అది జరిగేది. పన్నెండుమంది నటరోగులు, ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. గుంటూరులోనో, కర్నూలులోనో, హైదరాబాదులోనో చదివిన కుర్రవాడు వెయ్యి డాలర్లకు మించిన రుసుము కట్టి, ఆ పైన విమానం ఖర్చు పెట్టుకొని అక్కడికి పోవలసి వచ్చేది. తలుపు తట్టడం, పేరు చెప్పుకోవడం, చేతులు కడుక్కోవడం, 'మీ బాధ నాకు అర్థమైనది' అనే వాక్యం - ఇవన్నీ కంఠపాఠం చేయించే శిక్షణ కేంద్రాలు వెలసినాయి. సానుభూతికి గైడు పుస్తకాలు! కోవిడ్ వచ్చి 2020 మార్చిలో ఆ పరీక్ష ఆగినది. 2021 జనవరిలో దానిని పూర్తిగా ఎత్తివేసినట్లు ప్రకటించినారు. కెనడా కూడా అటువంటి తన పరీక్షను 2021లోనే మానుకున్నది. పెద్ద పరీక్షలు పోయినా కళాశాలలలో బోధనకు నటరోగి నిలిచే ఉన్నాడు. నా దృష్టిలో అతనికి తగిన చోటు అదే. కంఠపాఠపు సానుభూతిని చూసి, "డాక్టరుగారూ, ఆ మాట అన్నప్పుడు మీరు గడియారం చూసినారు" అని పాత్ర వదలి చెప్పగలిగినది అతనొక్కడే.

ఈ సందర్భంలో డేవిడ్ రోసెన్‌హాన్ పేరు తప్పక వినిపిస్తుంది. 1973 జనవరిలో సైన్స్ పత్రికలో ఆయన రాసిన వ్యాసం లోకాన్ని కుదిపినది. మతి స్థిమితంగల ఎనిమిదిమంది, చెవిలో మాటలు వినబడుతున్నాయని మాత్రం చెప్పి, 12 మానసిక వైద్యశాలలలో చేరినారని, సగటున 19 దినాలు లోపల ఉండవలసి వచ్చినదని ఆయన రాసినాడు. 2019లో సుసానా కహలాన్ అనే పత్రికా రచయిత్రి పాత రికార్డులు తిరగవేసి, రోసెన్‌హాన్ స్వయంగా చేరినప్పుడు వైద్యునికి చెప్పినది వ్యాసంలో రాసినదానికంటె చాలా ఎక్కువని చూపినది. తక్కిన వారిలో ఎక్కువమంది జాడే ఆమెకు దొరకలేదు. ఆ వ్యాసాన్నీ నటరోగి పద్ధతినీ ఒకే గాట కట్టడం సరికాదు. అక్కడ వైద్యుల సమ్మతి లేదు, ఒకే తీరున చెప్పాలనే నియమం లేదు. వైద్యుని ఇరికించడమే లక్ష్యం. వైద్యుని ముందు అబద్ధం చెప్పడానికి న్యాయం ఏమన్నా ఉంటే, అది అతని ముందస్తు సమ్మతిలోనే ఉన్నది.

ఇక మన దేశం. మధ్యప్రదేశ్ పల్లెలలోను, ఢిల్లీలోను జిష్ణుదాస్, అతని సహచరులు నటరోగులను పంపి 2012లో ఫలితాలు ప్రకటించినారు. వారు నటింపజేసినది గుండెనొప్పి, ఉబ్బసం, పసిపిల్లల విరేచనాలు, మనోవ్యాధి కాదు. స్థానికులైన 22 మందికి సుమారు 150 గంటలు శిక్షణ ఇచ్చినారు. మధ్యప్రదేశ్‌లో వైద్యం చేస్తున్నవారిలో నూటికి 67 మందికి ఏ వైద్యవిద్యార్హతా లేదని తేలినది. ఒక్కొక్క రోగికి దక్కిన కాలం సగటున మూడున్నర నిమిషాల పైచిలుకు. గుండెనొప్పికే మూడున్నర నిమిషాలైతే, మనోవ్యథ మాట నోటికి వచ్చేసరికి తరువాతి రోగి బల్లమీద కూర్చుంటాడు. 2015-16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో, మానసిక రుగ్మతలు ఉన్నవారిలో జబ్బునుబట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందనివారేనని తేలినది. ఎర్రగడ్డకో విశాఖపట్నం మానసిక వైద్యశాలకో చేరేవారు కొద్దిమంది. తక్కినవారు చూపించుకునేది సామాన్య వైద్యునికే. కనుక పరీక్ష జరగవలసినదీ, శిక్షణ అందవలసినదీ అక్కడే.

ఇక్కడ తెలుగు ఉపాధ్యాయునిగా నాకు ఒక మాట చెప్పే హక్కు ఉన్నదనుకుంటాను. నటరోగికి ఇచ్చే పాఠాన్ని ఇంగ్లీషునుంచి అనువదిస్తే పని జరగదు. మన పల్లెటూరి ఇల్లాలు 'నాకు కుంగుబాటుగా ఉన్నది' అనదు. గుండె దడ అంటుంది, ఒళ్లంతా మంటలంటుంది, తిమ్మిర్లంటుంది, నరాల బలహీనత అంటుంది, తిన్నది ఒంటబట్టడం లేదంటుంది. మరీ దగ్గరివారి వద్ద 'మనసు మనసులో లేదమ్మా' అంటుంది. పక్కన అత్తగారు కూర్చొని ఉంటే అదీ అనదు, అత్తగారే చెబుతుంది. నటరోగి ఒంటరిగా వస్తుందనే ఏర్పాటు అమెరికాకు సహజం, మనకు కాదు. మన నాటకంలో ఇద్దరు పాత్రధారులు కావాలి. అత్తగారిని కాసేపు బయట కూర్చోమని చెప్పినాడా లేదా అనే అంశానికి పట్టికలో చోటుండాలి. పొరుగున నేపాలులో బ్రాండన్ కోర్ట్, అతని సహచరులు 2015లో ఈ జాగ్రత్త చూపినారు. ఆరోగ్య కార్యకర్తల మాటతీరును కొలవడానికి నేపాలీ సమాజంలోని అలవాట్లను గమనించి 18 అంశాల కొలమానం ఒకటి తయారుచేసినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2022లో లోకానికి అందించిన శిక్షణ సాధనాలలో దానికి చోటు దొరికినది. అది పట్టాలకోసం కాక నేర్పడంకోసం ఉద్దేశించినది కావడం గమనించదగినది.

అభ్యంతరాలు లేకపోలేదు. మూడు వందలమంది బారులు తీరిన ప్రభుత్వ ఆసుపత్రిలో నటరోగి తీసుకునే పది నిమిషాలు ఎవరో నిజమైన రోగివి. రద్దీ లేని వేళ చూసి పంపడం కొంత ఉపశమనమే గాని పూర్తి సమాధానం కాదు. నటుల గోడు ఒకటి ఉన్నది. రోజుకు ఐదుమార్లు చావాలనుకునే మనిషిగా కూర్చున్నవారికి ఇంటికి పోయినా ఆ బరువు వెంటాడుతుందని టొరాంటో పరిశీలకులే గుర్తించినారు. అందుకే పాత్రను విప్పుకొనే వ్యవధి, నిజజీవితంలో అటువంటి దెబ్బ తిన్నవారికి ఆ పాత్ర ఇవ్వకూడదనే నియమం ఏర్పడినాయి. సురభి నాటకాలవారు రంగు కడుక్కునేదాకా ఎవరితోనూ మాట్లాడరని అనుకోకండి. కాని రంగే లేని వేషాన్ని కడుక్కోవడానికి వేరే నేర్పు కావాలి.

అన్నిటికంటె పెద్ద పరిమితి మరొకటి. మనోవ్యాధి చికిత్స ఒకనాటితో తేలేది కాదు. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. రోగికి వైద్యునిపై నమ్మకం కుదరడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. అసలు మాట మూడవసారి వచ్చినప్పుడు బయటపడుతుంది. క్రావిట్జ్ ప్రయోగంలో ఒక్కొక్క నటి ఒక్కొక్క వైద్యుని చూసినది ఒక్కసారి మాత్రమే. రెండు వారాలలో మళ్లీ రమ్మన్న వైద్యునికి మంచి మార్కే పడినది గాని, ఆమె మళ్లీ పోలేదు. పోయి ఉంటే ఆయన ఏమి అడిగి ఉండేవాడో ఆ పట్టికలలో లేదు.